శుద్ధనాదము, జీరనాదము: తీగవాద్యములకు విద్యుత్తు తోడైన చరిత్ర

గంజాము మండలమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఇటీవల ఒక కొత్త తగవు బయలుదేరినది. ఇంటిలోని కుర్రవాడు గిటారును కంప్యూటరునకు తగిలించి, చెవులకు హెడ్‌ఫోనులు పెట్టుకొని, తెరమీది మీటలను త్రిప్పుచు గంటలకొలది కూర్చుండును. ఒక్కొక్కప్పుడు హెడ్‌ఫోనులు ఊడదీసి అందరికిని వినిపించును. తాతగారికి అది పగిలిన కంచు మ్రోగినట్లుండును. "ఇదేం మోతరా?" అని ఆయన యడుగును. "మోత కాదు తాతా, క్లీన్ టోనే. కొంచెం క్రంచి కలిపానంతే" అని మనుమడు బదులు చెప్పును. తాతగారికి క్లీన్ అన నేమో, క్రంచి యన నేమో తెలియదు. మనుమనికి తాతగారి చెవిలో నిలిచియున్న వీణానాద మెట్టిదో తెలియదు. ఇరువురికిని నడుమనున్న యీ యెడమును కొంత తగ్గించుటకు చరిత్ర యుపకరించునని తలచి మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా మాటలను తేల్చుకొందము. విద్యుత్తుతో పెద్దదిచేసిన తీగనాదము తన స్వరూపమును మార్చుకొనక, పరిమాణము మాత్రమే పెరిగి వినబడినచో దానిని గిటారువారు క్లీన్ టోను అందురు. మేము దానిని శుద్ధనాదమని వ్యవహరింతుము. ఆంప్లిఫయరును దాని శక్తికి కొంచెము మించి పనిచేయించినపుడు నాదమునకు ఒక విధమైన గరుకు వచ్చును. అదియే క్రంచి. పాడువాని గొంతులో జీర యున్నదని మనము చెప్పుకొందుము గదా. ఇదియు దాదాపు అటువంటిదే. కావున దీనిని జీరనాద మందుము. చెవులు గింగురుమనునట్టి ఘోరమైన రొద వేరొకటి కలదు. అది మన ప్రస్తుతాంశము కాదు.

సంగీతవిషయమున మన ప్రాంతము రెండు దిక్కులకు చెవి యొగ్గినట్టిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రముగ నేర్పడువరకు బరంపురము మదరాసు రాజధానిలోని పట్టణము. మన పెద్దల సంగీతశిక్షణకు, నాటకములకు, హరికథలకు దక్షిణమే పుట్టినిల్లు. హౌరానుండి మదరాసునకు పోవు రైలుమార్గము మన యూరిమీదుగనే సాగును గనుక, కలకత్తా వేడుకలును మనకు దూరము కాలేదు. దక్షిణమునుండి వీణయు, వయొలినును వచ్చెను. ఉత్తరమునుండి హార్మోనియమును, ఆపైని హవాయి గిటారును వచ్చెను. నేటి మనుమని చేతిలోని గిటారు ఈ రెండు త్రోవలు కలిసినచోట నిలిచియున్నదని చెప్పినచో అతిశయోక్తి కానేరదు.

విద్యుత్తు రాకపూర్వము తీగవాద్యము గదిలోని వాద్యము. బొబ్బిలి చెంత గొల్లపల్లి శిల్పులు పనసమ్రానును తొలిచి చేయు ఏకాండి వీణను ఎరుగనివారు మనలో నరుదు. దాని నాదము మధురమే గాని మిక్కిలి చిన్నది. దివాణములోనో, నట్టింటిలోనో పాతికమంది చుట్టును కూర్చుండి వినుటకు తగినది. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీతకళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అందు వయొలిను ఆచార్యులు. కమానుతో వాయించు వాద్యము గనుక నాదము తెగక సాగును. ఐనను అదియు పెద్దసభ వెనుకవరుసలకు చేరుట కష్టమే. మన గంజాము పల్లెలలో రాత్రి తెల్లవార్లు ఆడు ప్రహ్లాదనాటకములో తాళములకును, మద్దెలకును, ముఖవీణకును దిగులు లేదు. ఆరుబయట తీగ యేమి చేయగలదు?

ఈ యవస్థను మార్చినది రేడియో. మదరాసు ఆకాశవాణి కేంద్రము 1938లోను, కటకము కేంద్రము 1948 జనవరిలోను, విజయవాడ కేంద్రము అదే సంవత్సరము డిసెంబరులోను, విశాఖపట్టణ కేంద్రము 1963లోను ప్రారంభమయ్యెను. స్టూడియోలో మైకును వీణకు చేరువగ నుంచుటచే, సభలో పదవ వరుసయందు వినబడని సూక్ష్మగమకము ఇంటిలోని పెట్టెయందు తేటగ వినబడజొచ్చెను. శ్రోతకు ఒకసారి ఆ రుచి తెలిసినపిదప సభలోను అట్లే వినవలెనని కోరుట సహజము. కాని సభలోని మైకు వీణనాదముతోపాటు మృదంగమును, ప్రేక్షకుల దగ్గును కూడ గ్రహించును. గట్టిగ పెంచినచో స్పీకరు శబ్దము తిరిగి మైకులో దూరి కూయిడును.

దీనికి పరిహారముగ వచ్చినది కాంటాక్టు మైకు. అది గాలిలోని ధ్వనిని విడిచి, వాద్యపు కొయ్యలోని కంపనమును నేరుగ గ్రహించును. తెలుగువారిలో దీనిని వీణకు జోడించి పేరుపొందినవారు ఈమని శంకరశాస్త్రిగారు. వారు 1922లో ద్రాక్షారామమున జన్మించిరి; జెమినీ స్టూడియోలోను, ఆకాశవాణిలోను పనిచేసిరి; 1987లో స్వర్గస్థులైరి. నాదము ఎట్లు పుట్టునో, యంత్రములో ఎట్లు మారునో చలనచిత్రముల స్టూడియోలో దినదినమును చూచినవారు గనుక వారికి మైకన్న భయము లేకపోయెను. ఒక్క మీటుకు పుట్టిన నాదము క్షీణించుచుండగనే దానిలోనుండి మూడు నాలుగు స్వరములను లాగి పలికించుట వీణలో గొప్ప విద్య. విద్యుత్తు సాయమున ఆ చివరి స్వరమును సభ యంతయు వినగలిగెను. వారి శిష్యులు, కాకినాడలో 1936లో జన్మించిన చిట్టిబాబుగారు, కోకిల కూతను సైతము వీణమీద పలికించి జనసామాన్యమును వీణవైపు త్రిప్పిరి.

ఆక్షేపించినవారును లేకపోలేదు. కొయ్యకు అంటించిన మైకు గోటిచప్పుడును, మెట్లమీది వ్రేలిరాపిడిని కూడ పెద్దదిచేయును. కుండనుండి గాలిలోనికి విచ్చుకొను గుంభనమైన నాదమునకు బదులు లోహపుధ్వని ముందునకు వచ్చును. ఈ యాక్షేపణలో సత్యము కలదు. తాతగారు నేడు మనుమని గిటారును గూర్చి చెప్పుచున్నదియు ఇదే.

ఇచ్చట కొంచెము వెనుకకు పోయి కలకత్తా త్రోవను చూడవలెను. హవాయి దీవులలో పందొమ్మిదవ శతాబ్దపు చివర, గిటారును తొడలమీద పరుండబెట్టి ఉక్కుకడ్డీతో తీగను జార్చి వాయించు పద్ధతి పుట్టినది. జోసెఫ్ కెకుకు అను నాతడు దీనికి ఆద్యుడని ప్రసిద్ధి. మన చిత్రవీణలోని జారునకు ఇది దగ్గరి చుట్టము. లోకమున విక్రయమునకు వచ్చి నిలద్రొక్కుకొనిన మొదటి విద్యుద్గిటారు ఈ జాతిదే. 1932లో అమెరికాలో రికెన్‌బ్యాకర్ సంస్థ అల్యూమినియముతో పోతపోసిన యా వాద్యమునకు, చూపునకు పెనమువలె నుండుటచే, పెనము గిటారని పేరు వచ్చెను. దాని పికప్పును కనిపెట్టినవాడు జార్జి బోషాంప్. అయస్కాంతముమీద తీగచుట్ట, పైన ఉక్కుతీగ కదలినపుడు చుట్టలో విద్యుత్తు పుట్టును. నేటికిని ఆ సూత్రమే. హవాయి వాద్యకారుడు టావ్ మో 1940వ దశకములో సకుటుంబముగ కలకత్తాలో నివసించి వాయించెను. ఒరిస్సాలో హవాయి గిటారు నేర్చినవారు నేటికిని కలరు. ఇందులో మేము గమనింపదగినదనుకొను విషయ మొక్కటి: జారును, గమకమును పలికించు వాద్యమే విద్యుత్తును మొట్టమొదట ఆశ్రయించినది. తాళము వేయు గిటారు పిదప వచ్చినది. గమకమునకును విద్యుత్తునకును పుట్టుకతో వైరము లేదు.

దీనికి మనవారిలో సాటిలేని నిదర్శనము ఉప్పలపు శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28వ తేదీన పాలకొల్లులో జన్మించిన యీ బాలుడు తండ్రి సత్యనారాయణగారి మాండొలినును పసితనముననే చేతబట్టెను. తండ్రిగారి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు బాలుని ప్రతిభను గుర్తించి విద్య చెప్పిరి. ఆయనకు మాండొలిను రాదు. ఆయన పాడును, బాలుడు ఆ పాటను తీగమీద పట్టుకొనును. ఆ వాద్యము కర్ణాటకసంగీతమునకు పూర్వ మెన్నడును పనికివచ్చినది కాదు గనుక, ఏ పాత వ్రేళ్లతీరును లేకుండుట యొక విధమున మేలే అయ్యెను; నోటిపాటయే దానికి ప్రమాణమయ్యెను. 1978లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవములో తొమ్మిదేండ్ల ప్రాయమున శ్రీనివాస్ తొలికచేరి చేసెను.

మాండొలినులో రెండు చిక్కులు కలవు. మొదటిది, దానికి నాలుగు జంటలుగ ఎనిమిది తీగలుండును. జంటతీగలను ప్రక్కకు లాగి గమకము పలికించుట దుర్ఘటము. రెండును సమముగ సాగక అపశ్రుతి పుట్టును. రెండవది, మీటిన నాదము రెప్పపాటులో ఆరిపోవును. అందుచేత ఐరోపావారు ఒకే స్వరమును గడగడ మీటుచు నాదమును నిలుపుదురు. శ్రీనివాస్ జంటలను తొలగించి ఐదు ఒంటితీగలను అమర్చుకొనెను. పికప్పు గల విద్యుత్ మాండొలినును వాడెను. ఒంటితీగ లాగుటకు లొంగినది. క్షీణించు నాదమును ఆంప్లిఫయరు వినదగిన పరిమాణములో నిలిపినది. ఆ మీదట తోడియు, కాంభోజియు ఆ బుల్లి వాద్యమున పలికినవి. మదరాసులో మొదట "కరెంటు వాద్యమునకు కచేరియా?" అని ముక్కున వ్రేలిడినవారు కలరు. పదునెనిమిదవ శతాబ్దపు తుదిని, పందొమ్మిదవ దాని మొదట, బాలస్వామి దీక్షితులు వయొలినును మన సంగీతమునకు తెచ్చినపుడు అది దొరల వాద్యమే గదా! ఇప్పుడు వయొలిను లేని కచేరి మనకు వెలితిగ తోచును. శ్రీనివాస్‌కు 1998లో పద్మశ్రీ వచ్చినది. 2014 సెప్టెంబరు 19న, నలువదియైదేండ్లకే, ఆయన చెన్నైలో కన్నుమూసెను.

ఆయన నాదము ప్రధానముగ శుద్ధనాదము. ఐనను పూర్తిగ నున్నని గాజువంటిది కాదు, వెచ్చదనము కలది. ఆ వెచ్చదన మెక్కడిదన్న ప్రశ్నయే మనలను జీరనాదమునకు తీసికొనిపోవును.

తంబురా మీటువారికి జీవాళి తెలియును. గుర్రముమీద తీగక్రింద ఒక నూలుదారమునో, పట్టుదారమునో నుంచి, అటునిటు కదల్చుచు ఒక చోట నిలుపుదురు. ఆ చోట తీగ గుర్రమునకు తాకీతాకనట్లు ఒరయుచు, మూలస్వరమునకు పై అనుస్వరములను పుట్టించును. దారము తీసివేసినచో నాదము మొద్దుబారును. చోటు తప్పినచో కీచుమనును. నాదములో స్వల్పమైన యొరపిడియే దానికి జీవము. పట్టునేతకు పేరుపొందిన బరంపురమున దారపుపోగు విలువను వేరుగ చెప్పవలసిన పనిలేదు. జీరనాదమును తిట్టు పెద్దలు తంబురా దారమును ఒకసారి తలచుకొనవలెనని మా విన్నపము. తంబురాలో తీగ గుర్రమునకు తగిలి అనుస్వరములు పుట్టును. ఆంప్లిఫయరులో నాదపు అల, వాల్వు శక్తికి ఎల్లయైన చోట తగిలి, శిఖరము ఒరసికొని, అనుస్వరములను పుట్టించును. పోలిక పరిపూర్ణము కాకపోవచ్చును గాని వంశ మొక్కటే.

ట్రయోడు వాల్వును 1906లో లీ డి ఫారెస్టు రూపొందించెను. గిటారు ఆంప్లిఫయరులను చేసినవారు జీరను కోరి చేయలేదు. అది లోపమనియే తలచిరి. 1951లో మెంఫిస్ నగరమున "రాకెట్ 88" అను పాటను రికార్డు చేయుటకు పోవుచుండగా ఆంప్లిఫయరు దెబ్బతిని, స్పీకరు గరగరలాడెనట; దానిని అట్లే రికార్డు చేసిరి, పాట ప్రసిద్ధమయ్యెను. 1964లో లండనులో డేవ్ డేవిస్ అను యువకుడు బ్లేడుతో తన స్పీకరు కాగితమును చీల్చి ఆ నాదమును సాధించెను. దరిద్రపు పనియే గాని ఫలించినది.

మూడు నాలుగు ఆంప్లిఫయరుల పేర్లు ఎరిగియుండుట మంచిది. ఏలయన నేటి సాఫ్టువేరు లన్నియు వీనినే తిరిగితిరిగి అనుకరించును. కాలిఫోర్నియాలో లియో ఫెండరు సంస్థవారు 1963లో వెలువరించిన డీలక్స్ రివర్బ్, ట్విన్ రివర్బ్ అనునవి శుద్ధనాదమునకు ప్రమాణములు. డీలక్సు సుమారు 22 వాట్లది, పండ్రెండంగుళముల స్పీకరు ఒకటి. ట్విన్ సుమారు 85 వాట్లది, అట్టి స్పీకరులు రెండు. ట్విన్‌కు శక్తి యెక్కువ గనుక ఎంత పెంచినను శుద్ధముగనే యుండును. డీలక్సు మీటను సగము దాటించినచో జీర పుట్టజొచ్చును. ఇంగ్లాండులో 1950వ దశకపు చివర వచ్చిన వాక్స్ ఏసీ 30 నాదము గలగలలాడుచు, కొద్దిపాటి యొత్తిడికే తీయని జీరను చూపును. 1962లో జిమ్ మార్షల్ దుకాణములో పుట్టిన జేటీఎమ్ 45 మరికొంత బరువైన జీర గలది. 1975లో జపానునుండి వచ్చిన రోలాండ్ జేసీ 120 వాల్వులు లేని ట్రాన్సిస్టరు యంత్రము. పరిశుద్ధనాదమునకు దానిని మించినది అరుదు, జీరకు మాత్రము పనికిరాదు. ట్రాన్సిస్టరు తన యెల్లను దాటినపుడు అలను కత్తితో తెగగోసినట్లు కోయును; వాల్వు మెల్లగ వంచును. చెవికి ఈ భేదము తెలియును.

ఇటువంటి యంత్రములు మన యూళ్లకు వచ్చుట దుర్లభము, వచ్చినను మోయుట కష్టము. బరువైన ఆంప్లిఫయరును ఇంటిలో దాని సరియైన స్థాయికి పెంచినచో గోడకు గోడ కలిసియున్న బడా బజారు ఇండ్లలో వీధి వీధి లేచివచ్చును. రెండేండ్ల కొకసారి జరుగు ఠాకురాణీ యాత్రలో తప్ప అంత ధ్వనిని మన పొరుగువారు సహింపరు. అనుకరణ సాఫ్టువేరు మన కిచ్చిన మేలిదే: పెద్దయంత్రము గొంతెత్తినప్పటి నాదమును చెవిలో మెల్లగ వినవచ్చును. 1998లో లైన్ 6 సంస్థవారి పాడ్ అను చిన్న పెట్టెతో ఈ పద్ధతి ఇల్లిల్లు చేరినది. 2002లో ఆంప్లిట్యూబ్, 2004లో గిటార్ రిగ్ కంప్యూటరులకు వచ్చినవి. ఇటీవల హెల్సింకిలో 2017లో నెలకొన్న న్యూరల్ డీఎస్పీ వంటి సంస్థలును, న్యూరల్ ఆంప్ మోడెలర్ అను ఉచిత సాఫ్టువేరును కృత్రిమబుద్ధిచే నిజమైన ఆంప్లిఫయరు నడతను నేర్చికొని పలికించుచున్నవి.

ఇక ఎంపిక. పేరును బట్టి, తెరమీది బొమ్మ యందమును బట్టి ఎంచుకొనువారే యెక్కువ. మేమైతే గమకమును బట్టి యెంచుకొనవలెనందుము. మొదట శంకరాభరణమున సాదాగ నొక పల్లవిని వాయింపుడు. ఏ సాఫ్టువేరైనను బాగుగనే తోచును. పిదప తోడిలో గాంధారమును పట్టుకొనుడు. ఆ స్వరము ఒకచోట నిలువదు. క్రిందికిని మీదికిని ఊగుటయే దాని స్వరూపము. మీటినపుడు బలముగను, ఊగినపుడు మెత్తగను వినబడవలెను. మీటుటకును ఊపునకును భేదము తెలియనంతగ నాదము చదునైనచో జీర యెక్కువైనదని గ్రహించి, మీటను తగ్గింపవలెను. ఊపు చివర వినబడకయే ఆరిపోయినచో శుద్ధత యెక్కువైనదన్నమాట. చిటికెడు జీర కలిపినచో ఆ తోక నిలుచును. ఈ నడిమిచోటు దొరకుటయే మొత్తము విద్య. గట్టిగ మీటిన జీరయు, మెత్తగ మీటిన శుద్ధతయు తనంతట వచ్చు సాఫ్టువేరు మంచిది. గిటారుమీది వాల్యూము గుండ్రమును తగ్గించినంతనే నాదము తేటపడవలెను. అట్లు తేటపడనిదానిని, ఎంత పేరున్నను, విడిచిపెట్టవచ్చును.

శ్రుతి విషయమున ఒక హెచ్చరిక. శ్రుతితీగను, పాటతీగను కలిపి ఒకే జీరలోనుండి పంపరాదు. కారణము లెక్కతో చెప్పెదము. షడ్జము సెకనుకు 240 కంపనములది, పంచమము 360. జీరలో ఈ రెండును కలిసినపుడు వాని భేదమైన 120, మొత్తమైన 600 అను కొత్త స్వరములు పుట్టును. 120 క్రింది షడ్జము. 600 తారస్థాయి అంతరగాంధారము. కావున వినసొంపుగనే యుండును. శుద్ధరిషభము 256 అనుకొనుడు. షడ్జముతో కలిసినపుడు భేదము 16, మొత్తము 496. మొదటిది స్వరమే కాదు, గుడగుడ. రెండవది తారషడ్జమునకును తారరిషభమునకును నడుమ పడి దేనితోను కలియదు. గమకములో స్వరము కదలుచుండును గనుక ఈ పిశాచస్వరములును కదలుచుండును. తోడిని జీరనాదములో వాయించి "రాగము చెడినది" అని బాధపడు పిల్లలకు కారణ మిది. శ్రుతిపెట్టెను విడిగ, వేరొక స్పీకరునందు పెట్టుకొన్నచో సగము చిక్కు తీరును. స్వరములను గుత్తిగ మీటునపుడు శుద్ధనాదమును, ఒక్కొక్క స్వరముగ పాట వాయించునపుడు చిటికెడు జీరను వాడుట మేలు.

సాఫ్టువేరులకే చెందిన దోష మొకటి కలదు. కంప్యూటరు నాదమును సెకనుకు 48,000 నమూనాలుగ కొలుచుచున్నచో, 24,000 కంపనములకు పైబడిన అనుస్వరములకు అందులో చోటు లేదు. జీరచే అట్టివి పుట్టినపుడు అవి అద్దములోని ప్రతిబింబమువలె వెనుకకు తిరిగి క్రిందిస్థాయిలో వినబడును. సన్నతీగమీద పైస్థాయిలో మెల్లగ జారు పలికించి చూడుడు. స్వరము పైకి పోవుచుండగా సన్నని యీల యేదైన క్రిందికి దిగుచున్నట్లు వినబడినచో ఆ సాఫ్టువేరులో ఈ దోషమున్నది. పెక్కింటిలో ఓవర్‌శాంప్లింగ్ అను మీట యుండును. దానిని హెచ్చించినచో తగ్గును, కంప్యూటరునకు శ్రమ పెరుగును. గమకము లేని పాశ్చాత్యసంగీతములో ఇది యంతగ తెలియకపోవచ్చును. మనకు తెలియును.

ఆలస్యమును గూర్చి కొందరు అనవసరముగ బెంగపెట్టుకొందురు. 128 నమూనాల తొట్టి యనిన 48,000 వేగమున సుమారు 2.7 మిల్లీసెకనులు. గాలిలో ధ్వని ఒక మీటరు పోవుటకు దాదాపు 3 మిల్లీసెకనులు పట్టును. రాకపోకలు కలిపి పది లోపుగ నున్నచో మూడు మీటర్ల దూరములో ఆంప్లిఫయరు నుంచుకొని వాయించినట్లే. అంతకు మించినచో మాత్రము తాళము జారును.

గిటారు తీగను తగిలించు పరికరములో ఇన్‌స్ట్రుమెంటు అని వ్రాసియున్న రంధ్రమునే వాడవలెను. దాని నిరోధము పది లక్షల ఓముల చెంత నుండును. పికప్పునకు అది కావలెను. తక్కిన రంధ్రములలో పెట్టినచో నాదము మూగపోవును. ఎంత ఖరీదైన సాఫ్టువేరు కొన్నను ఈ యొక్క పొరపాటుతో నిష్ప్రయోజనమగును. గట్టిగ మీటినపుడును ఎర్రదీపము వెలుగకుండ చూచుకొనవలెను. స్పీకరుపెట్టె అనుకరణము మరువరాదు. గిటారు స్పీకరు సుమారు 5,000 కంపనములకు పైనున్న దానిని వేగముగ తగ్గించివేయును, ఆ తగ్గింపు లేనిచో జీర తేనెటీగలపట్టువలె ఝుమ్మనును. వీణకు కాంటాక్టు మైకు పెట్టి ఇదే కంప్యూటరులో వాయించువారు మాత్రము ఆ పెట్టెను తీసివేయవలెను. వీణకు పైస్వరములే ప్రాణము.

ఏది కొనవలెనని సూటిగ నడుగువారికి మా యభిప్రాయము: మొదట ఏమియు కొనవలదు. న్యూరల్ ఆంప్ మోడెలర్ ఉచితము. ఆంప్లిట్యూబ్, గిటార్ రిగ్ అనువానికిని ఉచితరూపములు కలవు. అందు అమెరికను పేరుతో నున్న శుద్ధనాదము నొకదానిని, బ్రిటిషు పేరుతో నున్న జీరనాదము నొకదానిని ఎంచుకొని నెలదినములు వాయించినపిదప, ఏమి లోపించినదో చెవికే తెలియును. వెల పెట్టవలసినవానిని కొన్ని దినములు ఉచితముగ పరీక్షింపనిత్తురు గనుక, తోడి గాంధారమును అచ్చటను పరీక్షింపవచ్చును.

పిల్లల కింకొక పనిని అప్పగింపదలచితిమి. ఈ సాఫ్టువేరులలో వాద్యమునుండి వచ్చిన కోరానాదము వేరుగను, ఆంప్లిఫయరు పూతపూసిన నాదము వేరుగను నిలువచేయు వీలు కలదు. మన యిండ్లలో వీణ నేర్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకను కొందరు గలరు. వీణలు అటకలమీద గుడ్డ చుట్టియున్నవి. తీగలు మార్పించి, మైనముమీది మెట్లను సరిచేయించి, కాంటాక్టు మైకు నంటించి, వారిచే రెండు కృతులు వాయింపించి, ఆ కోరానాదమును 24 బిట్ల వేవ్ ఫైలుగ రెండు వేరువేరు చోట్ల నిలువచేయవలెను. ఏ పూతయు అప్పుడు అవసరము లేదు. శుద్ధనాదమో, జీరనాదమో, ఇంకను పుట్టని వేరొక నాదమో, దానికి ఎప్పుడైనను కలుపవచ్చును. వాయించినది ఏ రాగము, ఏ శ్రుతి, ఎవరియొద్ద నేర్చినది అను వివరములను ఫైలుపేరులో తెలుగున వ్రాసియుంచిన చాలును.